మేకు నిలవని గోడ

ఆ వీధిలోకి వచ్చి ఆ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వేలు పెట్టి చూపించరు. గడ్డంతో చూపిస్తారు. "అదిగో... అదే," అని, చూపించిన గడ్డాన్ని గబుక్కున వెనక్కి తీసుకుంటారు.

చూడబోతే అక్కడ ఏమీ ఉండదు. దెయ్యం కథకి కావలసిన సరంజామా ఒక్కటీ లేదు — ఊడల చెట్టు లేదు, పాడుబడిన నుయ్యి లేదు, కూలిన మేడ లేదు. మూడు గదులు, ముందు వరండా, నీళ్ల ట్యాంకు. అంతే. ఉన్నవల్లా గోడలు. ఆ ఇంటి పేరు చెడింది ఆ గోడల వల్లే.

ఇల్లు కట్టినాయన్ని వీధంతా పెద్దాయన అనేది. గోడల పూత పనిలో మేస్త్రీలెవరినీ నమ్మక, చివరి పూత తనే పూసుకున్నాడట. పూసి, పచ్చి ఆరకముందే అరచేత్తో నిమిరాడట. ఆరాక కూడా నిమరడం మానలేదట. ఇంట్లో ఒక్క మేకు కొట్టనిస్తే ఒట్టు. క్యాలెండరు కుర్చీలో కూర్చుంటే ఆయన పక్కన నిలబడి తారీఖు చూసుకునేవాడు. గడియారం బీరువా మీద వెల్లకిలా పడుకుని తిరిగేది. కొడుకు అద్దం తగిలించుకుందామని ఓ మేకు తెస్తే, మేకుతో సహా ఇంట్లోంచి పంపించేశాడని కొందరంటారు. కాదు, ఆ గొడవలో భార్యే వెళ్లిపోయిందని ఇంకొందరంటారు. ఇందులో ఎంత నిజమో, ఎంత చిలవలు పలవలో చెప్పలేం.

ఒక్క విషయం మాత్రం అందరూ ఒప్పుకుంటారు. ఓ రాత్రి హాల్లో గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డవాడు, నిలబడ్డట్టే పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అద్దెకి దిగినవాళ్లెవరూ కుదురుగా ఉండలేదు. పొద్దున సామాను దింపినవాళ్లు వారం తిరక్కుండానే అదే బండి మళ్లీ పిలిపించుకునేవారు. అడిగితే అందరిదీ ఒకటే మాట — రాత్రి దీపాలు ఆర్పాక హాల్లో చప్పుడు... స్... స్... స్... ఎవరో అరచేత్తో గోడ నిమురుతున్నట్టు. దీపం వేస్తే ఎవరూ ఉండరు. ఆర్పితే — మళ్లీ.

అలాంటి ఇంటిని ఏరి కోరి కొనుక్కుంది టైలరమ్మ.

టైలరమ్మ అంటే బజార్లో బట్టల షాపు వెనక గదిలో కూర్చుని, పొడుగైన ప్యాంట్లు కురచ చేసి, బిగుతైన చొక్కాలు వదులు చేసే మనిషి. ఆవిడ భర్త మందుల షాపులో కౌంటరు దగ్గర ఉంటాడు. ఇద్దరూ పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్లలోనే. ఎన్ని మారారో వాళ్లకే లెక్క తెలియదు.

"ఆ ఇల్లా? దెయ్యం ఉందటమ్మా!" అని షాపులో వాళ్లు కళ్లింతలు చేసుకుంటే టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూనే చెప్పింది.

"బతికున్న ఓనర్లతోనే కాపరం చేసి వచ్చినవాళ్లం. పోయిన ఓనరు మమ్మల్నేం చేస్తాడు?"

ఆవిడ మాటలో అబద్ధం లేదు. వాళ్లు చూసిన ఓనర్లు అలాంటివాళ్లు. ఒకావిడ వీళ్లింటికి చుట్టాలొస్తే గుమ్మం బయట చెప్పులు లెక్కపెట్టుకుని వెళ్లేది. కింద ఉండే ఇంకొకాయన, పొద్దున్నే మెట్ల దగ్గర ఎదురుపడి, "రాత్రి మీవారు మంచినీళ్లకి లేచినట్టున్నారే!" అనేవాడు. దాంతో టైలరమ్మ భర్తకి మునివేళ్ల మీద నడవడం అలవాటైంది. కుళాయి కట్టేస్తే కూడా కట్టినట్టు తెలియకూడదు. తుమ్ము వస్తే దుప్పట్లో తుమ్మేవాడు.

అన్నిటికంటే కష్టం ఇల్లు ఖాళీ చేసే రోజు. ఓనరు వస్తాడు. ఒక్కో గది తిరుగుతాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి జరుపుకుంటూ పోతాడు... జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగుతాడు. "ఇదేమిటి?" అంటాడు.

అదో మేకు కన్నం. వీళ్లు చేసింది కాదు. వీళ్లకి ముందున్నవాళ్లో, వాళ్లకి ముందున్నవాళ్లో చేసి ఉంటారు. అయినా ఆమె భర్త తలొంచుకుని నిలబడేవాడు, తప్పు చేసిన బడిపిల్లాడిలా. ఆ తల వంచడం చూసినప్పుడల్లా టైలరమ్మకి ఒళ్లు మండిపోయేది. ఆ తనిఖీకి భయపడే ఆయన, ఖాళీ చేసే ముందు రాత్రి, ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉంటే, తను ముందు గదుల్లో ఏవో మరమ్మతులు చేసుకుంటూ ఉండేవాడు. ఏం చేసేవాడో ఆవిడ ఎప్పుడూ తొంగి చూడలేదు.

ఇక ఆవిడ పెట్టెలో ఒక ఫ్రేము ఉండేది. కొత్త కాపరంలో తన చేత్తో కుట్టుకున్న చిలకల జంట. ఆకు ఆకుకీ వేరే ఆకుపచ్చ దారం వెతికి, ముక్కుల ఎరుపు కుదరక విప్పి మళ్లీ కుట్టి, అద్దం వేయించుకుంది. ఇల్లు మారినప్పుడల్లా దాన్ని పైకి తీసేది. ఓనరు అప్పటికే గుమ్మంలో నిలబడి "మేకులు మాత్రం కొట్టకండి," అనేవాడు. చిలకల్ని ఓసారి గోడకి చూపించి మళ్లీ పెట్టెలో పెట్టేసేది. ఆ చిలకలు ఇన్నేళ్లలో మంచం కింద తప్ప ఎక్కడా వాలింది లేదు.

సొంత ఇల్లంటే ఆవిడకి గదులు కాదు, గేటు కాదు. చిలకలకి ఒక మేకు.

రంగులు వేయించాలని మొదట పెయింటర్లనే పిలిచారు. ఒకడు వీధి మలుపు దాకా వచ్చి, ఏ ఇల్లో తెలిశాక, "బ్రష్షులు మర్చిపోయానండీ, తెచ్చుకుంటాను," అని వెనక్కి తిరిగాడు. బ్రష్షులు చేతిలోనే ఉన్నాయి. ఇంకొకడు ఫోనులోనే దగ్గాడు. దగ్గుతూ దగ్గుతూ పెట్టేశాడు.

"మనమే వేసుకుందాం," అంది టైలరమ్మ. తమ్ముణ్ణి పిలిచింది. వాడు బళ్ల మెకానిక్కు. దెయ్యమన్నా లెక్కలేదు, పెయింటన్నా తెలియదు. రెండూ కలిసొచ్చాయి.

షేడ్ కార్డు నేల మీద పరుచుకుని ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు. భర్త వేలు నేరుగా తెలుపు మీదికి వెళ్లింది.

"తెల్లగా ఉంటే మంచిది. రేపు ఖాళీ చేసేటప్పుడు తేలిగ్గా..."

"ఎవరు ఖాళీ చేసేది?"

ఆయన వేలు తెలుపు మీదే ఉండిపోయింది. మొహంలో నిజంగానే సమాధానం వెతుక్కుంటున్నాడు. తమ్ముడు పగలబడి నవ్వాడు. ఆయన ఉలిక్కిపడి, "మెల్లిగా... మెల్లిగా," అంటూ గుమ్మం వైపు చూశాడు.

"ఎవరొస్తారు బావా? ఇంటి ఓనరువి నువ్వే!"

"అవుననుకో," అన్నాడాయన. అన్నాడే గానీ, గొంతు మాత్రం లేవలేదు.

హాల్లో పెద్ద గోడకి బొప్పాయిపండు రంగు వెయ్యాలని టైలరమ్మ పట్టు. సరే, అదే తెచ్చారు. పాత సున్నం గీకారు. గీకుతుంటే కింద ఆ గోడ బయటపడింది... అరచెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా. తమ్ముడి గీకుడు చెక్క దాని మీద ఆగడమే లేదు. "ముసలాయన పనిమంతుడేనే అక్కా," అన్నాడు వాడు. అన్నాక ఎందుకో గొంతు తగ్గించి, "నేనేం అనలేదులెండి," అని గోడకి చెప్పుకున్నాడు.

మొదటి పూత వేశాక ముగ్గురూ దూరం జరిగి చూశారు.

"ఇది మా షాపులో పిల్లల దగ్గు మందు రంగు," అన్నాడు భర్త, వీలైనంత మర్యాదగా.

రెండో పూతతో గోడ తేరుకుంది. సాయంత్రం ఎండ కిటికీలోంచి వాలేసరికి గది గదంతా వెచ్చగా వెలిగింది. టైలరమ్మ జుట్టు మీద రంగు, చెవి మీద రంగు. ముగ్గురి గోళ్లలోనూ రంగే. అంత సంతోషంగా ఆవిడ ఎప్పుడూ అలిసిపోలేదు.

గోడ ఆరిన రోజున తమ్ముడు సుత్తి, మేకు పట్టుకుని స్టూలెక్కాడు. ఒక్కో దెబ్బకీ ఆమె భర్త భుజాలు ఎగిరిపడ్డాయి. ప్రతి దెబ్బ తర్వాతా గుమ్మం వంక చూశాడు. ఎవరూ రాలేదు. చిలకలు గోడెక్కాయి.

టైలరమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. తమ్ముడు ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. ఏడుపొస్తోందని చెప్పడానికి సిగ్గేసి, పెయింటు ఘాటుకి కళ్లు మండుతున్నాయంది.

ఆ రాత్రి ఒళ్లు తెలియని నిద్ర. పొద్దున్నే లేచి, పాచి మొహంతోనే హాల్లోకి వచ్చింది. వచ్చినది వచ్చినట్టే నిలబడిపోయింది.

గోడ మీద చిలకలు లేవు. ఫ్రేము కింద ఉంది... మొహం గోడకి తిప్పుకుని, జాగ్రత్తగా ఆనించి. మేకు కిటికీ గూట్లో ఉంది. వంకర కూడా పోలేదు.

తమ్ముడి మేకు ఊడిపోయి ఉంటుందనుకుంది. ఇంకోటి కొడదామని స్టూలెక్కి కన్నం వెతికింది. వెతికింది... వెతికింది... కన్నం లేదు. మేకు దిగినచోట గోడ నున్నగా, ఏమీ ఎరగనట్టు, బొప్పాయి రంగులో మెరుస్తోంది. ముక్కు దగ్గర పెడితే ఏదో చల్లటి వాసన. బాగా తెలిసిన వాసనే. ఎంత తన్నుకున్నా ఏమిటో గుర్తు రాలేదు.

ఒళ్లు జలదరించింది. అయినా ఆవిడ టైలరు. ఊడిన కుట్టుని మళ్లీ వెయ్యడమే తెలుసు. ఈసారి తనే మేకు కొట్టింది, ఇంకాస్త పొడుగుది. చిలకలు తగిలించి, "ఎవరో చూద్దాం," అనుకుని పడుకుంది.

తెల్లారేసరికి చిలకలు కింద. మేకు కిటికీలో. కన్నం మాయం.

పక్కింటి పిన్నిగారికి చెప్పకూడదనే అనుకుంది. కానీ పిన్నిగారు మొహం చూసే కనిపెట్టేశారు. గోడ మీదుగా మెడ చాచి, అటూ ఇటూ చూసి, గుసగుసగా అడిగారు.

"చల్లటి వాసన వస్తోందా?"

టైలరమ్మ గోడ దగ్గరికి జరిగింది. "మీకెలా తెలుసు?"

"వాళ్లు తిరిగినచోట అంతేనమ్మాయ్... చలువ వాసన." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మేకు కొట్టావా?"

"కొట్టాను."

"అయ్యో," అన్నారు పిన్నిగారు. అని, బట్టలు ఆరేయడం సగంలో ఆపి లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు.

ఇంట్లో ఆమె భర్త రోజురోజుకీ వాడిపోతున్నాడు. కళ్ల కింద నలుపు. పొద్దున్నే లేచి భుజాలు పట్టుకుంటాడు. "లాగేస్తున్నాయే. రాత్రుళ్లు ఎవరో నా మీదెక్కి కూర్చుంటున్నారు," అంటాడు. టైలరమ్మ మేకు కొడుతూనే ఉంది. మేకు ఊడుతూనే ఉంది.

చివరికి ఓ సాయంత్రం ఆయన షాపు నుంచి వస్తూనే చెప్పాడు, చెప్పులు కూడా విప్పకుండా.

"ఒక వాటా చూసొచ్చాను. రెండు గదులు. ఓనరు మంచివాడేనట."

టైలరమ్మ చేతిలోని బట్ట పక్కన పెట్టింది.

"ఈ ఇల్లు మనల్ని వద్దంటోంది. దీన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేద్దాం. రేపు పొద్దున్నే వచ్చి మాట చెబుతానన్నాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన మేకులు మాత్రం..."

"చాలు," అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు. "కాగితాల మీద మన పేర్లున్నాయి. ఈ గోడకి రంగు మన చేతులతో వేశాం. నేను చచ్చి దెయ్యాన్నై ఇక్కడే తిరుగుతాను గానీ మళ్లీ ఇంకొకరి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడను. మిమ్మల్ని నిలబడనివ్వను."

"నాకు భయంగా ఉందే," అన్నాడాయన.

ఆవిడకి జాలేసింది. కోపమూ వచ్చింది.

"ఈ ఒక్క రాత్రి నాకు వదిలెయ్యండి. రేపు పొద్దుటికి కూడా చిలకలు కిందే ఉంటే మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

ఆ రాత్రి మేకుల డబ్బాలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద మేకు తీసి, కొట్టగలిగినంత గట్టిగా కొట్టింది. చిలకల్ని తగిలించింది. భర్త పడకగదిలోకి వెళ్లి దుప్పటి ముసుగు పెట్టేశాడు. దీపాలన్నీ ఆర్పేసి, వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. దెయ్యాన్ని కత్తిరించవచ్చో లేదో తెలియదు. ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

వీధిలో చప్పుళ్లు ఒక్కొక్కటే అణిగాయి. పిన్నిగారింటి దీపం ఆరింది. ఫ్రిజ్ కాసేపు మూలిగి... ఆగిపోయింది. ఎక్కడో కుక్క మొరిగి, తనకే విసుగు పుట్టినట్టు మానేసింది. రెప్పలు బరువెక్కాయి. తల ఓసారి వాలింది...

స్...

కళ్లు తెరిచింది.

స్... స్...

హాల్లో ఎవరో ఉన్నారు.

అడుగుల చప్పుడు లేదు. తలుపు తీసిన చప్పుడు లేదు. పెద్ద గోడ ముందు తెల్లగా ఒక ఆకారం. అటు తిరిగి ఉంది. అరచెయ్యి గోడ మీద పెట్టి, మెల్లిగా... చాలా మెల్లిగా... జరుపుకుంటూ పోతోంది. టైలరమ్మ అరుద్దామనుకుంది. కత్తెర వేళ్లలోంచి జారబోతే రెండు చేతులతో ఒడిసి పట్టుకుంది.

ఆకారం ఆగింది. చెయ్యి చాచి చిలకల్ని దింపింది. అద్దం మీద దుమ్ము తుడిచింది. కింద ఆనించి, మొహం గోడకి తిప్పింది. తర్వాత ఏదో తీసి, దానికి తడిగుడ్డ చుట్టి, దాంతో మేకుని పట్టుకుంది. లాగలేదు. అటో తిప్పు... ఇటో తిప్పు... పంటిని కదిలించినట్టు కదిలించి, పెచ్చు కూడా రాలకుండా మేకుని బయటికి తీసింది.

దెయ్యానికి ఇంత పనితనం దేనికి?

అప్పుడే అది కిటికీ వైపు తిరిగింది. వీధి దీపం వెలుతురు మొహం మీద పడింది.

తెల్ల బనీనులో, ఒక చేతిలో పటకారు, రెండో చేతిలో టూత్‌పేస్టుతో... ఆమె భర్త.

కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ ఏమీ చూడటం లేదు. మనిషి గాఢ నిద్రలో ఉన్నాడు.

టైలరమ్మకి ముందు కోపమొచ్చింది. ఇన్ని రాత్రులు తనని చంపిన దెయ్యం పక్కలో పడుకున్న ఈ మానవుడా! ఆ కోపం వెనకే నవ్వు తన్నుకొచ్చింది. వీధి వీధంతా వణికించిన చలువ వాసన తమ బాత్రూములోది. టూత్‌పేస్టు ఎందుకింత తొందరగా అయిపోతోందో ఇప్పుడు తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

ఆయన కన్నంలోకి పేస్టు ఎక్కించాడు. బొటనవేలితో నునుపు చేశాడు. మూల ఉన్న డబ్బాలో వేలు ముంచి పైన రంగు అద్దాడు. అద్దుతూ గొణుగుతున్నాడు. ఆవిడ చెవి ఒగ్గింది.

"అయిపోవచ్చిందండీ ఓనరు గారూ... పొద్దున మీరు చెయ్యి పెట్టి చూసుకోండి... ఒక్క గీత కూడా ఉండదు. తాళాలు గూట్లో పెట్టేస్తాం..."

ఆవిడ నవ్వు అక్కడికక్కడ ఆగిపోయింది.

"మా ఆవిడ ఒక్క మేకు అడిగిందండీ... చిలకల బొమ్మకి. చాలా బాగా కుట్టింది. మీరేమంటారోనని నేనే వద్దన్నాను. ప్రతి ఇంట్లోనూ నేనే వద్దన్నాను. దాన్ని మాత్రం ఏమీ అనకండి... ఏదన్నా ఉంటే నన్ననండి..."

ఖాళీ చేసే ముందు రాత్రుళ్లు ముందు గదుల్లో ఈయన చేసిన మరమ్మతులు ఇవన్నమాట. ఇన్నేళ్లూ తను గిన్నెలు సర్దుకుంటూ ఉంటే, ఈ మనిషి తన కోసం గోడగోడకీ క్షమాపణలు చెప్పుకుంటూ తిరిగాడు. ఆవిడ కళ్లు నిండిపోయాయి. ఈసారి పెయింటు మీదికి నెట్టెయ్యడానికి కూడా లేదు.

నిద్రలో నడిచేవాళ్లని ఉలిక్కిపడేలా లేపకూడదని ఎక్కడో విని ఉంది. కత్తెర కింద పెట్టింది. కళ్లు తుడుచుకుంది. పెద్ద గోడ దగ్గరికి వెళ్లి, ఆయనకి ఎదురుగా, వీపు గోడ వైపు పెట్టి నిలబడింది. గొంతు బరువు చేసుకుని, తను చూసిన ఓనర్లందరినీ ఒకసారి తలుచుకుంది.

"ఏమయ్యా," అంది.

ఆయన చటుక్కున తల వంచాడు. "అయ్యా."

"మీరు మంచివాళ్లు. ఇన్నాళ్లూ ఇల్లు శుభ్రంగా ఉంచారు. మేకు కొట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

ఆయన తల మెల్లిగా పైకి లేచింది. నిద్రలోనే మొహం విప్పారింది. అలాంటి మొహాన్ని టైలరమ్మ పెళ్లినాటి ఫోటోలో తప్ప చూడలేదు.

"నిజంగానాండీ?"

"నిజంగానే."

"చిన్నదే... చాలా చిన్నది..."

"పెద్దదే కొట్టుకో. రెండు కొట్టుకో. ఈ ఇల్లు నీదయ్యా. నిన్నిక్కడ ఎవరూ ఏమీ అనరు." చివరి మాటకి ఓనరు గొంతు పోయి సొంత గొంతు వచ్చేసింది.

"చాలా సంతోషమండీ," అన్నాడాయన. పేస్టు కిటికీ గూట్లో పెట్టి, మేకు అందుకుని, రెండు చేతుల్లో పటకారూ మేకూ పట్టుకునే నమస్కారం పెట్టబోయాడు.

పెట్టబోయి ఆగాడు.

చూపు ఆవిడ మొహం మీంచి జరిగి... భుజం మీదుగా... వెనక్కి వెళ్లింది. నవ్వు సన్నగిల్లింది. గొంతు బాగా తగ్గించి, ఎంతో వినయంగా, ఒక ఓనరు ముందు ఇంకో ఓనరు మాట ఎత్తుతున్నట్టు అడిగాడు.

"మీరు సరే అన్నారు బాగానే ఉందండీ... మరి మీ వెనకాల ఉన్న పెద్దాయన వద్దని తల ఊపుతున్నారేమిటండీ?"

టైలరమ్మ ఊపిరి బిగబట్టింది.

ఈయన నిద్రలో ఉన్నాడు. నిద్రలో మనుషులు ఏవేవో అంటారు. తన వెనక ఎవరూ ఉండటానికి లేదు. తన వెనక ఉన్నది గోడ. వీపుకి నాలుగు వేళ్ల దూరంలో బొప్పాయి రంగు గోడ, అంతే. వెనక్కి తిరిగి చూసుకుంటే తేలిపోతుంది. చూడాలనే అనుకుంది. మెడ మాత్రం కదల్లేదు.

భర్త చేతులు రెండూ తన కళ్ల ముందే ఉన్నాయి. ఒకదాంట్లో పటకారు, ఒకదాంట్లో మేకు. రెండూ కదలడం లేదు.

స్... స్... స్...

తన వీపు వెనక, సరిగ్గా భుజాల ఎత్తున, ఎవరో అరచేత్తో గోడ నిమురుతున్నారు. ఆ చెయ్యి నింపాదిగా పైకి, కన్నం పూడ్చిన చోటికి వచ్చి... అక్కడ ఆగింది.

రిజిస్ట్రేషన్ కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఆ మాట చెప్పాలని టైలరమ్మ నోరు తెరిచింది. ఇల్లు నాదీ, గోడ నాదీ, నా ఇష్టం వచ్చినన్ని మేకులు కొట్టుకుంటాను అని, నిలదీసి అడగాలని.

తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. తల వంగిపోయింది.

"ఒక్కటంటే ఒక్కటేనండీ," అంది, వెనక్కి తిరక్కుండా. "వెళ్లేటప్పుడు మేమే పూడ్చేసి పోతాం."